ఇరవై ఏడో గుంజ

రీడింగు తీయలేకపోతే ఎందుకు తీయలేదో మిషనుకు చెప్పాలి. అందుకు అది పదకొండు కారణాల జాబితా ముందు పెడుతుంది. పాము ఉంది. తేనెటీగలు ఉన్నాయి. యజమాని లేరు. గేటుకు తాళం. వాన. బురద. ముళ్ళకంప. వాహకురాలికి జ్వరం. బ్యాటరీ అయిపోయింది. గుంజ కనబడలేదు. ఇతరములు. ఈ జాబితా రాసిన మహానుభావుడెవరో గానీ జన్మలో బావతో గొడవ పడి ఉండడు. పడి ఉంటే పన్నెండోది కూడా పెట్టేవాడు.

నా పేరు సుంకులమ్మ. అనంతపురం జిల్లాలో 'భూనాడి' అనే పథకం కింద నలభై ఒక్క గుంజల చుట్టూ తిరిగే వాహకురాలిని. వాహకురాలు అన్నది ఆఫీసు వాళ్ళు పెట్టిన పేరు. ఊళ్ళలో మమ్మల్ని నీళ్ళు లెక్కబెట్టేవాళ్ళు అంటారు. అదే నయం.

గుంజను ఆఫీసులో డేటా లాగర్ అంటారు. పైకి చూస్తే మోకాలెత్తు ఇనుప గొట్టం. దాని కింద, బండలోకి దించిన ఒక చెవి ఉంటుంది. బండ సందుల్లో నీళ్ళు కదిలే చప్పుడును అది రేయింబవళ్ళు వింటుంది. ఆ చప్పుడును బట్టి నీళ్ళు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయో లెక్కగట్టి తన కడుపులో దాచుకుంటుంది. మొదట్లో ఆ లెక్క దానంతటదే జిల్లా కేంద్రానికి వెళ్ళాలని సోలారు పలకలు, యాంటెనాలు బిగించారట. పలకలు మనుషులు ఎత్తుకుపోయారు, యాంటెనాలు కోతులు విరిచాయి. అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకి, దేశంలో కాళ్ళున్న మనుషులు కూడా ఉన్నారని.

అలా నా చేతికి మిషను వచ్చింది. అరచేతిలో పట్టేంత నల్లటి పెట్టె. దాన్ని పట్టుకుని గుంజకు నాలుగు అంగల లోపల నిలబడితే గుంజ తన కడుపులో ఉన్నది దానికి చెప్పేస్తుంది. వారం రోజుల లెక్కకు అర నిమిషం పడుతుంది. మధ్యలో నాలుగు అంగలు దాటామా, మళ్ళీ మొదటికి. మిషను పంపిన అంకెను బట్టి ఆఫీసు వాళ్ళు కరెంటు తీగల్లోంచే బోరు మోటార్లకు హుకుం జారీ చేస్తారు. మోటారు పెట్టె మీద పచ్చ దీపం వెలిగితే ఆరు గంటలు నీళ్ళు, పసుపు అయితే మూడు, ఎరుపు అయితే ఒకే ఒక్క గంట. ఎవరూ ఏ స్విచ్చూ వేయనక్కర్లేదు.

ఇంత వరకూ బాగానే ఉంది. తెలివి ఎక్కువైంది ఆ తర్వాతే. ఏదైనా గుంజ దగ్గరికి వెళ్ళలేకపోతే మిషను చుట్టుపక్కల గుంజలను బట్టి అక్కడి అంకెను తనే ఊహించి నింపుతుంది. నింపి, "సరేనా?" అని అడుగుతుంది. పక్కన ఒక పైబాణం, ఒక కిందిబాణం. నేల మీద తిరిగేవాళ్ళకు ఆకు వాడిందా, గడ్డి ఎండిందా కంటికి తెలుస్తుంది కాబట్టి మేము ఆ అంకెను సవరించవచ్చు. సవరించినప్పుడల్లా మిషను నేర్చుకుంటుంది. శిక్షణలో మా చేత వల్లె వేయించారు కూడా, "మీ కన్ను, మా చెవి" అని. మూడు రోజులు ఉప్మా పెట్టి అదొక్కటే నేర్పారు.

ఇరవై ఏడో గుంజ మా అక్క లింగమ్మ వాళ్ళ చీనీ తోటలో ఉంది. బయటివాళ్ళు బత్తాయి అంటారు.

నాలుగేళ్ళ కిందట దాన్ని పాతేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఊరి జనం చూస్తున్నారు. మా బావ తిప్పేస్వామి గట్టు మీద నిలబడి, "ఇంటి గుట్టు సర్కారుకి చెప్పేకి నా మరదలే దొరికిందా వీళ్ళకి? ఇంగ మా ఇంట్లో ఎన్ని చెంబులు తాగుతాండామో కూడా రాసుకో మే" అన్నాడు. జనం నవ్వారు. బావ నోరు నాకు కొత్త కాదు, దాన్ని దులిపేసుకోగలను. అక్క మోటారు పెట్టె పక్కనే నిలబడి ఉంది. ఒక్క మాట అనలేదు. నిండు ఎండలో వచ్చిన చెల్లెలికి చెంబెడు నీళ్ళు కూడా ఇవ్వలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ గట్టు మళ్ళీ తొక్కనని అక్కడే అనుకున్నాను, తొక్కలేదు.

మొదటి వారం జాబితాలోంచి 'పాము ఉంది' ఎంచుకున్నాను. మిషను నా మాట నమ్మి, ఇరవై ఏడో గుంజ దగ్గర నీళ్ళు మూడువందల నలభై అడుగుల లోతున ఉన్నాయని ఊహించింది. అంటే పసుపు దీపం. మూడు గంటల నీళ్ళతో నాలుగువందల చెట్లు ఎట్లా బతుకుతాయి? నా కోపం బావ మీద, అంతకన్నా అక్క మీద. చెట్ల మీద కాదు. పైబాణం నొక్కాను. నొక్కుతూ నొక్కుతూ నీళ్ళను రెండువందల అరవై అడుగులకు తెచ్చాను. పచ్చ దీపం వెలిగింది.

మరుసటి వారం అదే పాము, అదే బాణం. మూడో నెలకల్లా నేను బాణం నొక్కాల్సిన పని లేకుండా మిషనే మంచి అంకె పెట్టి ఇచ్చింది. ఆరో నెలకు అడగడం కూడా మానేసింది. ఇది నా మనసు కనిపెట్టిందని మురిసిపోయాను. అంతటి తెలివితక్కువదాన్ని నేను. అక్కతో మాట్లాడకుండానే అక్కకు మేలు చేస్తున్నాననీ, అది ఎవరికీ తెలియకపోవడమే గొప్ప అనీ అనుకున్నాను. ఎన్నోసార్లు రోడ్డు మీద బండి ఆపి దూరం నుంచి ఆ తోటను చూసేదాన్ని. పచ్చగా ఉండేది. ఆరు గంటలు నీళ్ళు తోడిపోస్తుంటే పచ్చగా ఉండక చస్తుందా?

అక్కడితో ఆగినా బాగుండేది. పక్క గుంజల నిజమైన అంకెలకూ ఈ దొంగ అంకెకూ పొత్తు కుదరక మిషను తంటాలు పడి, చివరికి ఇరవై ఏడు కింద ఎక్కడినుంచో ఊట వస్తోందని తేల్చింది. ఆఫీసు పటంలో అక్కడ నీలం రంగు మచ్చ పడింది. ఏటేటా పెద్దదైంది. జిల్లా కేంద్రంలో మా పై అధికారి ప్రణీత మేడం ఆ మచ్చను తెర మీద చూపించి, "క్షేత్రస్థాయి వాహకురాలి చూపుకు ఇది నిదర్శనం" అని చెప్పి చప్పట్ల మధ్య నాకు పూలకుండీ అందించారు. ఆ మొక్క నెలలోపే చచ్చింది.

మా అమ్మాయి చందన, అక్క కూతురు మేఘన ఒకే బడి. ఏటా వేసవిలో బడి మూసే ముందు చందన సంచిలో నాలుగైదు చీనీకాయలు వచ్చేవి. ఎవరిచ్చారని నేను అడిగేదాన్ని కాదు, అది చెప్పేది కాదు. కోసుకుని తినేవాళ్ళం.

ఈ ఏడు కూడా వచ్చాయి. చందన వాటిని గిన్నెలో వేస్తే మా ఆయన రుద్రప్ప చూసి, "నిమ్మకాయలు ఎవరు తెమ్మన్నారే?" అన్నాడు.

"నిమ్మకాయలు కాదు నాయనా, చీనీకాయలే" అంది అది.

ఒకటి కోశాను. తొక్క అట్టలా ఉంది. లోపల తొనలు పీచుపట్టి తెల్లగా ఉన్నాయి. గట్టిగా పిండితే రెండు చుక్కలు రాలాయి.

"వాళ్ళ బోరు దగ్గుతాందంట మా" అంది చందన. "నీళ్ళు కొంచెం, గాలి కొంచెం వస్తాందంట. మోటారు రెండుసార్లు విప్పినారంట. మేఘన వాళ్ళ నాయన మోటారుని తిడతాండాడంట."

నేను ఆ చెక్క పట్టుకుని కూర్చుండిపోయాను. మోటారును తిట్టి ఏం లాభం? తిట్టాల్సిన మనిషి ఇక్కడ, ఈ వంటింట్లో ఉంది.

పొద్దున్నే బండి తీసుకుని తోటకు వెళ్ళాను. గట్టు తొక్కాను. గుంజ పక్కన నిలబడి మిషను తెరిస్తే అది చదువు వచ్చిన గుమాస్తాలా అడిగింది. "మీరు సాధారణంగా ఈ స్థలానికి రారు. మీరు సుంకులమ్మేనా?"

అవునని నొక్కాను. వేలిముద్ర అడిగింది, ఇచ్చాను. ముఖం చూపించమంది, చూపించాను. అప్పుడు గుంజతో మాట కలిపింది. నేను పట్టించుకోకపోయినా గుంజ తన పని మానలేదు. నాలుగేళ్ళుగా, రెండువందల ఎనిమిది వారాలుగా విన్నదంతా కడుపులో పెట్టుకుని అక్కడే నిలబడి ఉంది. తెర మీద అక్షరాలు పడ్డాయి. "దయచేసి నాలుగు అంగల లోపల ఉండండి. మిగిలిన సమయం నూట నాలుగు నిమిషాలు."

ఎండ అప్పుడే సుర్రుమంటోంది. పంతొమ్మిదో నిమిషంలో ఎర్రచీమలు పట్టాయి. కాలు దులుపుకుంటూ రెండు గెంతులు గెంతాను. "సంబంధం తెగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాలా?" అని అడిగింది మిషను. దాన్ని గుంజకేసి బాదుదామా అనిపించింది. పంటి బిగువున అవును నొక్కాను. మళ్ళీ నూట నాలుగు.

ఈసారి తెర మీద గీత మెల్లగా దిగడం చూస్తూ నిలబడ్డాను. మొదటి వారం మూడువందల ముప్ఫై ఎనిమిది అడుగులు. మిషను మొదట ఊహించినది రెండడుగుల తేడాతో నిజమే. నా బాణమే అబద్ధం. ఏడాది తిరిగేసరికి నాలుగువందల పది. రెండో ఏడు నాలుగువందల డెబ్భై. గీత ఎక్కడా ఆగలేదు.

చేతిలో రెంచి పట్టుకుని బావ వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు, చిక్కాడు.

"దారి తప్పినావా ఏమి?" అన్నాడు నన్ను చూసి.

"లేదు బావా. గుంజ చూసేకి వచ్చినా."

"గుంజకేమి, మారాజులాగుంది. ఈ మోటారే నా ప్రాణం తీస్తాంది. రెండుసార్లు విప్పించినా. దీపం చూస్తే పచ్చ. కింద నీళ్ళుండాయి, లాగేకి దీనికే శాత కాలేదు." తోట చివరికి చెయ్యి చూపించాడు. "ఆ దీపాన్ని నమ్ముకొని పోయిన కార్తీకంలో ఇంగో రెండునూర్ల మొక్కలు పెట్టినా."

రెండువందలు. రెంచి పట్టుకున్న ఆ చెయ్యి వేళ్ళన్నీ నూనె మరకలు, దెబ్బలు. నాలుగేళ్ళు ఈ మనిషిని తిట్టుకుంటూ బతికాను. ఇప్పుడు ఆయన ఎదురుగా నిలబడే ముఖం నాకు లేదు.

"మోటారు బాగానే ఉంటుంది బావా" అన్నాను. "అక్కను పిలువు. పాసుపుస్తకం అక్క పేరు మీదుంది గదా. అక్కతో పనుంది."

ఆయన నన్నొకసారి, మిషనునొకసారి చూసి, రెంచి అక్కడే పడేసి ఇంటి వైపు నడిచాడు.

అక్క వచ్చేసరికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. చేతిలో చెంబు ఉంది. గట్టు దగ్గర ఆగింది. నేను కదిలితే మళ్ళీ మొదటికి వస్తుంది.

"నేను రాకూడదు అక్కా. దీని దగ్గరే నిలబడాల. నువ్వే రావాల" అన్నాను.

వచ్చి చెంబు ఇచ్చింది. తాగాను. నీళ్ళలో సన్నటి ఇసుక. బోరు అడుగంటినప్పుడే నీళ్ళలో ఇసుక వస్తుంది.

"చెప్పు" అంది అక్క.

చెప్పాను. పాము సంగతి, బాణం సంగతి, అది నేర్చుకున్న సంగతి, పటంలో మచ్చ సంగతి, పూలకుండీతో సహా చెప్పాను. బావ అక్క వెనకాల నిలబడి విన్నాడు. నేను చెబుతుండగానే గీత అడుగుకు వచ్చి ఆగింది. ఐదువందల ఎనభై ఎనిమిది. మోటారు వేలాడేది ఆరువందల దగ్గర. మిగిలింది పన్నెండు అడుగుల నీళ్ళు.

"ఆరు గంటలు తోడితే ఎన్నాళ్ళొస్తాయి?" అని అడిగింది అక్క.

"తొమ్మిది పది రోజులు. ఎరుపు పడి ఒక గంటే తోడితే వానల దాకా రావచ్చు. అన్ని చెట్లకీ కాదు. నూరో నూటిరవయ్యో బతుకుతాయి."

అక్క తలెత్తి తోట వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. "నాలుగేండ్లు మాకు నీళ్ళుండాయని రాసినావు. సరే. నేనుండానో లేదో ఒక్కసారి చూసిపోదామని అనిపించలేదా నీకు?"

"ఆ పొద్దు నువ్వొక్క మాట మాట్లాడలేదక్కా."

"మాట్లాడాల్సింది. తప్పే. తర్వాత నాలుగేండ్లు పండ్లు పంపించినా. అది మాట కాదా?"

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తితే మిషను బీప్ మంది.

"ఈ రీడింగు మా సమాచారంతో సరిపోలడం లేదు. తిరస్కరించి, ఊహించిన అంకె నింపమంటారా?"

వద్దని నొక్కాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను. మూడోసారికి తాళం పడింది. పై అధికారితో మాట్లాడమంది. ప్రణీత మేడానికి ఫోను చేసి జరిగింది చెప్పాను.

"ఐదువందల ఎనభై ఎనిమిదా?" అన్నారావిడ. "అసాధ్యం సుంకులమ్మగారూ. అక్కడ ఊట ఉంది. మచ్చ మీరూ చూశారు కదా."

"ఆ మచ్చ నేను పెట్టిందే మేడం. ఊట లేదు, ఏమీ లేదు. బాణం నొక్కి పెంచాను."

"వచ్చే నెల ఆ ఊటలోంచి పక్క ఊరికి తాగునీటి బోరు వేస్తున్నాం. తెలుసా మీకు?"

"తెలియదు. వేయకండి."

"ఈ మాట నేను రాసుకుంటే మీ పని పోతుంది. మీ గుంజే పాడైందేమో. ప్రస్తుతానికి ఊహించిన అంకెకే సరే అనండి, తర్వాత చూద్దాం."

"రాసుకోండి మేడం. గుంజ ఒక్కటే ఇక్కడ పాడు కానిది."

ఆవిడ నిట్టూర్చారు. "అయితే భూమి యజమాని సాక్ష్యం కావాలి. వేలిముద్ర వేస్తే మిషను ఒప్పుకుంటుంది. కానీ తన మోటారుకు తనే ఎరుపు పెట్టుకోవడానికి ఏ యజమాని వేలు వేస్తారండీ?"

ఫోను పెట్టేసి మిషనును అక్క ముందుకు చాపాను. తెర మీద నా ఫొటో, దాని పక్కన నాలుగు ముక్కలు. "ఈ వ్యక్తి మీకు తెలుసా?" కింద తెలుసు, తెలియదు.

"వద్దు లింగీ" అన్నాడు బావ. "ఎరుపు పడితే మళ్ళీ పచ్చ ఎప్పుడొస్తుందో. ఉన్నన్నాళ్ళు అన్నింటికీ పారనీ. నడమ వానొస్తే?"

"రాకపోతే?" అంది అక్క.

అక్క తెర మీది ప్రశ్న వంక చూస్తూ ఉండిపోయింది. అంత తేలిక ప్రశ్నకు అంతసేపు పట్టింది. తెర ఆరిపోతే నేను మళ్ళీ వెలిగించాను. నాకైతే తెలియదు అని నొక్కుతుందేమో అనిపించింది. నొక్కినా నేను ఏమీ అనగలిగి ఉండేదాన్ని కాదు.

చీర కొంగుకు వేలు తుడుచుకుని తెలుసు అన్నచోట నొక్కింది.

మోటారు పెట్టె మీద పచ్చ దీపం ఆరింది, ఎరుపు వెలిగింది. దగ్గుతూ తిరుగుతున్న మోటారు ఆగిపోయింది. కాలువలో ఉన్న కాసిని నీళ్ళు నాలుగు చెట్ల దాకా పోయి ఇంకిపోయాయి. బావ గట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు.

అయిపోయిందనుకున్నాను. మిషను సంగతి తెలిసి కూడా అలా ఎలా అనుకున్నానో. "ఊహించిన అంకెకూ అసలు అంకెకూ తేడా మూడువందల ఇరవై ఎనిమిది అడుగులు. కారణం ఎంచుకోండి" అని అదే జాబితా పెట్టింది. పాము, తేనెటీగలు, బురద. చిట్టచివర ఇతరములు. దాంట్లో నలభై అక్షరాలకు మించకూడదు. నేను రాశాను. "అక్క మీద కోపంతో నాలుగేళ్ళు రాలేదు."

తెర మీద చక్రం తిరిగి తిరిగి, మిషను జవాబు ఇచ్చింది.

"ఏమంటాంది?" అని అడిగింది అక్క.

"కారణం సరిపోదంట."

"నిజమే గదా" అంది అక్క. "సరిపోదు."

మోటారు గది వెనక్కి వెళ్ళి సున్నపు బకెట్టు, కుంచె తెచ్చింది. చెట్ల మొదళ్ళకు చీడ పట్టకుండా ఏటా ఈ నెలలో సున్నం కొడతారు. బకెట్టు నా కాళ్ళ దగ్గర పెట్టి, కుంచె నా చేతికిచ్చింది.

"నీళ్ళు పారించాల్సిన చెట్లకి గుర్తు పెట్టు. నూటిరవై. మీ ఆఫీసులో నీ కన్నుకి విలువుందంట గదా."

మిషను ఇంకా కారణం అడుగుతూనే ఉంది. పాము అని నొక్కి, జేబులో పడేసి, మొదటి వరుసలోకి నడిచాను. అక్క పక్కనే వస్తోంది. మొదటి చెట్టు దగ్గర ఆగాను. ఆకులు వాడాయి గానీ మొదలు గట్టిగా ఉంది. దానికి సున్నం పెట్టాను. రెండోదాని కొమ్మలు సగానికి పైగా ఎండిపోయాయి. దాని ముందు నిలబడి చాలాసేపు చూశాను. కుంచెలోంచి సున్నం నా కాలి మీద కారుతోంది.

"దాన్ని నువ్వూ నేనే నాటినాం" అంది అక్క. "ఇంగ ముందుకి నడువు."